చెక్కకి ఒక బేరం, బొమ్మకి ఒక బేరం

నరసాపురం,
9-11-2008, ఆదివారం.

చి॥ అశ్వినికి,

నీ డ్రాయింగు మేడమ్ సంపూర్ణమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మావారూ క్షేమం. నా కుడి మోకాలు ఈ వాక్యంతో ఏకీభవించడం లేదు గాని, ఉత్తరాల్లో మోకాళ్ళ అభిప్రాయం అడిగే ఆచారం లేదు కనుక క్షేమమనే రాస్తున్నాను. నువ్వక్కడ మీ పిన్ని ఇంట్లో బాగానే ఉన్నావనీ, మండపేటలో ఏదో రైస్‌మిల్లు ఆఫీసులో కూర్చుని ధాన్యం లారీలకి కాటా చీటీలు కొడుతున్నావనీ మీ అమ్మ లోవమ్మ చెప్పింది. మొన్న బుధవారం చేపల మార్కెట్లో కనిపించి, పక్క కొట్టతని చేత నీ అడ్రసు రాయించి నా సంచిలో పడేసింది. రొయ్యలు కూడా పడేసి డబ్బులు వద్దంది. నేను ఒప్పుకోలేదనుకో.

మీ పిన్ని ఫోనుకి రెండుసార్లు చేశాను. బొమ్మల మాట ఎత్తగానే, పనుందండి మేడమ్, మళ్ళీ చేత్తానండి అని పెట్టేశావు. నాలుగు నెలలైంది, ఆ మళ్ళీ రాలేదు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా అని రాస్తున్నాను. చింపెయ్యగలవనుకో. అందుకే కాగితానికి ఒక వైపే రాస్తున్నాను. చింపాలనిపిస్తే ముందు వెనక వైపు ఏదన్నా గీసి, అప్పుడు చింపు. నిజం చెప్పాలంటే ఇది నీకు రాసిన నాలుగో ఉత్తరం. మొదటి మూడూ నేనే చింపేశాను.

విషయానికొస్తాను. పోయిన ఆదివారం డెన్మార్క్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. పిల్లల పుస్తకాలు వేసే చిన్న సంస్థట. దేశదేశాల పడవల మీద వేసే బొమ్మల గురించి ఒక పుస్తకం తెస్తున్నారు. బొమ్మలు అమ్మే వెబ్‌సైట్లో మన పేజీ చూశారు. నీ పడవ కళ్ళూ, చిలకా, గుర్రం, మీసాల సూర్యుడూ వాళ్ళకి తెగ నచ్చాయి. పన్నెండు బొమ్మలు కావాలన్నారు. ఆరు ఇప్పుడున్నవి, ఆరు కొత్తగా గీసివ్వాలి. ధర మనల్నే చెప్పమన్నారు. ఎన్నేళ్ళకి, ఏ వాడకానికి ఇస్తామో అది కూడా మనమే రాయాలట. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే వేరే దేశం బొమ్మలు చూసుకుంటారు.

నేను, బొమ్మలు గీసిన అమ్మాయి రాస్తుంది, కాస్త ఆగండి అని ఒక్క వాక్యం పంపి ఊరుకున్నాను. నన్నెరిగినవాళ్ళకి ఇది వింతే. ముప్పైరెండేళ్ళు బళ్ళో పిల్లల చేతుల్లోంచి పెన్సిలు లాక్కుని దిద్దినదాన్ని. ఎదుటివాళ్ళ గీత వంకరగా పోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు రాదు. అయినా ఈ జవాబు నేను రాయకూడదు. నువ్వు రాయాలి. రాయకపోతే పన్నెండు బొమ్మల బేరం పోతుంది, పోతే పోనీ, అది పెద్ద సంగతి కాదు. నువ్వు గీయడం మానేసిన మాట మాత్రం ఖాయమైపోతుంది. నాకున్న భయమంతా అదే అశ్వినీ.

ధర దగ్గరే కదా మనిద్దరికీ మొదటి తగాదా! రెండేళ్ళ కిందట, పదో తరగతి అవగానే నువ్వు భీమవరంలో డీటీపీ నేర్చుకుంటున్నావు. నేను కొత్తగా రిటైరై, వచ్చిన డబ్బులో కొంత పెట్టి కంప్యూటరు కొని, తా దూర సందు లేదు మెడకో డోలా అని మావారి చేత అనిపించుకుంటున్నాను. నువ్వు కాగితం మీద గీసిన పడవ కన్నుని స్కాన్ చేసి, దానిమీద మౌసుతో గీత గీతా మళ్ళీ గీసి, ఎంత పెద్దది చేసినా అంచు చెదరకుండా తయారుచేసి ఫ్లాపీలో పట్టుకొచ్చావు.  ఆ వెబ్‌సైటు వెతికింది నేనే. పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి అందులో ఖాతా ఇవ్వరు, నీకప్పటికి బ్యాంకు పుస్తకమే లేదు. అందుకని నా పేరున తెరిచాను. మొదట పంపిన పదింట్లో ఏడు తిప్పి కొట్టారు. నువ్వు ఏడవలేదు, మళ్ళీ గీశావు. తీరా తీసుకున్నాక ధర చూసి ఏడ్చావు.

ఎవరైనా ఒక బొమ్మని ఒకసారి తమ కంప్యూటరులోకి దింపుకుంటే డాలరు. అందులో మనకి పావలా వంతు, అప్పటి లెక్కన పదకొండు రూపాయలు. ఇదేంటండి మేడమ్, దోసెడు ఎండు మెత్తళ్ళకి ఇంతకంటే ఎక్కువొత్తాయండి అన్నావు. నేను పాఠం మొదలుపెట్టాను. మీ అమ్మ చేప అమ్మితే గంప ఖాళీ అవుతుంది, బొమ్మ వెయ్యిమందికి అమ్మినా గంపలోనే ఉంటుంది, కనుక చవగ్గా పెట్టి ఎక్కువమందికి అమ్మాలి అని. నువ్వు ముక్కు చీదుకుని, చవగ్గా కొన్నోళ్ళు చవగ్గానే చూత్తారండి అన్నావు. పదహారేళ్ళ పిల్ల నాకు ఎదురు చెప్పడమా అని నాకు మంట. మొదటి ఏడాదంతా కలిపి నూట మూడుసార్లు దింపుకున్నారు. మనకి పాతిక డాలర్లు. వంద నిండితే గాని చెక్కు పంపరు. చూశారా అని నువ్వు నోటితో అనలేదు గాని, నీ మొహం అంటూనే ఉంది.

అలాంటి రోజుల్లో, పోయినేడు అక్టోబరులో, ఒక్కసారిగా డబ్బు పెరిగింది. డిసెంబరులో చెక్కు వచ్చింది. బ్యాంకువాళ్ళు నలభై రోజులు నానబెట్టి ఇరవై మూడు వేలు చేతికిచ్చారు. నువ్వు సొంతానికి కంప్యూటరు కొనుక్కున్నావు. కొన్నరోజు స్వీటు పెట్టెతో వచ్చి, మీరు చెప్పిందే నిజమైందండి మేడమ్, చిన్న డబ్బులే పెద్దవయ్యాయండి అని నా కాళ్ళకి దణ్ణం పెట్టావు. ఆ మాట అప్పుడు ఎంత తీపిగా ఉందో చెప్పలేను. ఇప్పుడు ఎలా ఉందో కూడా చెప్పలేను.

సరే, అది అలా ఉంచు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మావారితో అన్నాను, బొమ్మని వాడుకోనిచ్చే ఈ లైసెన్సుల సంగతి మనందరికంటే ముందు తెలిసినవాడు గంగయ్యగారేనండీ అని. నీకు నవ్వొస్తుందేమో, మీ నాన్నకి సంతకం తప్ప ఇంగ్లీషులో ఇంకో అక్షరం రాదని. నేనూ నవ్వినదాన్నే.

నీ బొమ్మలు అమ్మకానికి పెడుతున్నామని చెప్పడానికి మొదటిసారి మీ పేటకి వచ్చాను, గుర్తుందా? మొగల్తూరు దాటాక ఆటో ఇసకలో దిగబడిపోయింది. వేట ఆపిన రోజులు. నావలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి, మీ నాన్న ఎవరిదో నావ ముక్కు మీద చిలక్కి రంగు వేస్తున్నారు. కంప్యూటరు, ఇంటర్నెట్టు, డాలరు, నాకు తెలిసినదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన కుంచె కడుక్కుంటూ అంతా విన్నారు. ఎంతొత్తదండి అని అడుగుతారనుకున్నాను. ఎన్నాళ్ళకండి అని అడిగారు.

అమ్మకానికి ఎన్నాళ్ళేమిటండీ, అమ్మితే అమ్మినట్టే అన్నాను.

అప్పుడు చెప్పారు మీ పేట పద్ధతి. నావకి బొమ్మ వేయించుకున్నవాళ్ళు కొత్త పంచె పెట్టి, తొలి వేటలో బొమ్మ పాలు అని ఒక వాటా ఇస్తారు. ఏటా రంగు వేయించుకున్నప్పుడల్లా మళ్ళీ ఇస్తారు. నావ అమ్మితే మాత్రం బొమ్మ దానితో పోదు. కొనేవాళ్ళకి అప్పగించే ముందు మీ నాన్న వెళ్ళి, గరుకు కాగితంతో ముక్కు శుభ్రంగా గీకేస్తారు. ముక్కు గీకిన నావ అంటే అమ్ముడైన నావ అని మీ పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. మీ పేటలో జీవరాజు నావని ఏటి అవతలివాడెవడో కొని, డబ్బు పోశాను కనుక గుర్రం కూడా నాదే అని పేచీ పెట్టాట్ట. మీ నాన్న, చెక్కకి ఒక బేరమండి, బొమ్మకి ఒక బేరమండి, చెక్క తమరిదేనండి, గుర్రం కావాలంటే కూకోండి, మాట్టాడుకుందాం అన్నారట. అతను కూర్చున్నాడు, మాట్లాడుకున్నారు, గుర్రం వేయించుకునే వెళ్ళాడు. మీ సొంత నావ మీద నెమలిచేప సంగతి కూడా అప్పుడే చెప్పారు. నెమలి తల, చేప ఒళ్ళు, తోకంతా పింఛం. మీ ముత్తాత వేసిందట. అది ఎంత ఇచ్చినా ఇంకో నావకి వెయ్యరట.

ఆటోలో తిరిగొస్తూ ఎంత నవ్వుకున్నానో! చెక్క కొనుక్కున్నవాడు బొమ్మకి మళ్ళీ కట్టడమేమిటి, ఇదెక్కడి చోద్యం అని. ఇప్పుడు ఆ వెబ్‌సైటు నిబంధనలు భూతద్దం పెట్టుకుని, డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని మొత్తం చదివాను. ముప్పై పేజీలున్నాయి. మీ నాన్న కుంచె కడుగుతూ చెప్పిన దానికంటే అందులో ఒక్క ముక్క ఎక్కువ లేదు.

కనుక డెన్మార్క్‌వాళ్ళకి రాసేటప్పుడు ముందు మీ నాన్న ప్రశ్నకి జవాబు రాయి. ఎన్నాళ్ళకి? నన్నడిగితే మూడేళ్ళు. ఆ తరవాత కావాలంటే మళ్ళీ అడగాలి. ఏ భాషల్లో, ఎన్ని ప్రతులు వేస్తారో కాగితం మీద పెట్టమను. పుస్తకానికే ఇస్తున్నామని రాయి. అదే బొమ్మ రేపు కప్పు మీదో, చొక్కా మీదో, పిల్లల దుప్పటి మీదో వేస్తానంటే అది వేరే నావ, వేరే బేరం. నీ పేరు లోపల అచ్చు కావాలి, అది డబ్బుకి మార్చుకునేది కాదు. అదే బొమ్మ నువ్వు ఇంకొకళ్ళకి అమ్ముకునే వీలు ఉండాలి. కాదు, మాకొక్కరికే కావాలి అంటే ఇవ్వకూడదని కాదు, దానికి ధర మూడింతలు చెప్పు. బేరం కుదిరేదాకా పెద్ద సైజు ఫైలు పంపకు. అడ్డంగా నీ పేరు కనపడేలా పెట్టి చిన్నది పంపు.

ఎంత అడగాలన్నది కష్టమే. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు. నువ్వు భయపడి తక్కువ చెబుతావని నాకు తెలుసు. అడగందే అమ్మైనా పెట్టదు, ఆ డెన్మార్క్ ఆయన మీ అమ్మ కూడా కాదు. ఇప్పుడున్న ఆరింటికీ తలా అరవై డాలర్లు, కొత్తవాటికి రోజులు పడతాయి కనుక తలా తొంభై, అట్ట మీద వేస్తే దానికి విడిగా. ఇది నా లెక్క. నీ లెక్క నువ్వు కట్టు. పడవ కన్నుకి ఎన్ని రోజులు పట్టిందో నీకు తెలుసు, నాకు తెలియదు. రోజు కూలీ ఒక్కటే వేసుకుని ఊరుకోకు. ఆ కన్ను ఎక్కడ పెట్టాలో తెలియడానికి మీ ఇంట్లో నాలుగు తరాలు పట్టింది, దానికి కూడా ఏదో ఒకటి వేసుకో. చవగ్గా కొన్నవాళ్ళు చవగ్గానే చూస్తారని నువ్వన్నమాటే రైటు. నేను ఓడిపోయాను. ఇంత ఆలస్యంగా ఒప్పుకుంటున్నందుకు ఏమీ అనుకోకు.

మీ ఇంటి కబుర్లు రాయాలి. మీ అమ్మ చిక్కిపోయింది గాని గొంతు అలాగే ఉంది, మార్కెట్టంతా వినపడుతుంది. మీ నాన్న వేటకి వెళ్తున్నారు, వస్తున్నారు. నావ ముక్కు ఇంకా ఖాళీగానే ఉంది. బొమ్మల గంగయ్య నావకి బొమ్మ లేదేంటని పక్క పేటవాళ్ళు ఎగతాళి చేస్తే, ఆయ్, లేదండి అని నవ్వి ఊరుకుంటారట. దసరాకి కొత్త నావ దింపిన ముసలయ్య మూడుసార్లు ఇంటికొచ్చి అడిగితే కన్ను మాత్రం వేసిచ్చారు.

జూలై సంగతి నేను మర్చిపోలేదు. నువ్వు నెమలిచేపని ముట్టుకోకుండా, దాని పిల్లలు గుండ్రంగా ఈదుతున్నట్టు కొత్త బొమ్మ గీసి పేజీలో పెట్టావు. వారం తిరక్కుండా వెబ్‌సైటువాళ్ళు దాన్ని తీసేశారు. గోడకి అంటించే కాగితాలు తయారుచేసే కంపెనీ ఒకటి, ఈ రూపం మీద సర్వహక్కులూ పోయినేడు అక్టోబరులో మేము కొనేసుకున్నాం, ఇంకెవరూ వాడడానికి వీల్లేదు అని రాసిందట. శుక్రవారం నేను నీకు ఫోనులో చదివి వినిపించాను. శనివారం నువ్వు భీమవరంలో డీటీపీ పని చూసుకుని ఇంటికొచ్చావు. దారిలో మీ నావ కనిపించింది. ముక్కు గీకేసి ఉంది.

ఆ తరవాత జరిగింది మీ అమ్మ చెప్పింది. పోయినేడు దసరాకి ముందు లేసు వ్యాపారం మనిషెవరో వచ్చి నావల ఫొటోలు తీసుకెళ్ళాడు. ఆ తరవాత చలికాలంలో మీ నాన్న కొత్త వల కొన్నారు. నువ్వు అన్నీ కలిపేసుకున్నావు. వీధి మధ్యలో నిలబడి, ముత్తాత బొమ్మని వలకి అమ్ముకున్నావా నాన్నా అన్నావట. ఆయన తల దించుకుని నిలబడ్డారట. కాదు అనలేదట. అనకపోవడమే సాక్ష్యమనుకుని, మర్నాడు బట్టలు సర్దుకుని బస్సెక్కావు. కంప్యూటరుకి గుడ్డ కప్పేసి మరీ వెళ్ళావని మీ అమ్మ చెప్పింది.

నిన్ను తప్పుపట్టను. నీ కళ్ళ ముందు ఉన్నవి చూస్తే నేనైనా అలాగే అనుకునేదాన్ని. కాని నాలుగు నెలలు చాలు. మెయిల్ అచ్చు తీసి దీనితో పెట్టాను. ఈ మార్చికి నీకు పద్ధెనిమిది నిండాయి, బ్యాంకు ఖాతా కూడా మిల్లువాళ్ళు తెరిపించే ఉంటారు. ఖాతా నీ పేరున మార్చడానికి నింపాల్సిన కాగితం కూడా ఉంది. పాన్ కార్డుకి తణుకులో మా తమ్ముడు సాయం చేస్తాడు. జవాబు ఇంగ్లీషులో తప్పులు పోయినా ఫరవాలేదు. నన్ను దిద్దమని మాత్రం పంపకు.

మీ పిన్నికి నా నమస్కారాలు చెప్పు. మిల్లులో ఊక దుమ్ముకి దగ్గు రాకుండా ముక్కుకి గుడ్డ కట్టుకో.

ఇట్లు,
నీ మేలు కోరే
సంపూర్ణమ్మ

తా.క.: కవరు అంటించేశాను. మావారు పోస్టు చేసొస్తానని చెప్పులు కూడా వేసుకున్నారు. ఆయన చేతిలోంచి లాక్కుని మళ్ళీ విప్పాను. పైన అంత రాసి, రాయాల్సింది రాయలేదు.

నెమలిచేపని మీ నాన్న అమ్మలేదు. నేను అమ్మాను.

నువ్వు పందొమ్మిది రోజులు కూర్చుని దాన్ని గీసి నా కంప్యూటర్లో దాచమని ఇచ్చినప్పుడు, ఇది అమ్మకానికి కాదండి మేడమ్, మా ఇంటిదండి అన్నావు. నేను విన్నాను. విని కూడా, చూడ్డానికే కదా అని నీకు చెప్పకుండా మన పేజీలో పైన పెట్టాను. పోయినేడు అక్టోబరులో ఆ కంపెనీవాళ్ళు, మొత్తం హక్కులతో ఆరువందల డాలర్లు ఇస్తామన్నారు. మాది తణుకు దగ్గర వ్యవసాయం ఇల్లు. మా నాన్న పొలం అమ్మితే, అష్టభోగములతో అని దస్తావేజు చదివించి, గట్టు మీద తాటిచెట్టుతో సహా ఇచ్చేసి వెనక్కి చూడకుండా వచ్చేవారు. మెలిక పెట్టి అమ్మడం మాకు నామోషీ. ఎల్లకాలానికీ, అన్ని దేశాలకీ, అన్ని వాడకాలకీ అని ఆ కాగితంలో చూసి, ఇది పెద్దమనుషుల బేరం అనుకున్నాను. ఇదంతా సాకే అనుకో. అసలు సంగతి, నీతో వాదనలో ఓడిపోతున్నానన్న ఉక్రోషం. అందుకే లెక్కల పేజీ చూపించకుండా, ఆ డబ్బు చిన్న చిన్న అమ్మకాల మీద వచ్చిందని నీకు అబద్ధం చెప్పాను. నువ్వు స్వీటు పెట్టెతో వచ్చి దణ్ణం పెట్టినప్పుడు కూడా చెప్పలేదు.

జూలైలో కంపెనీ రాసింది చదివాను. నీకు ఫోను చేసే ముందురోజు, గురువారం, మీ పేటకి వెళ్ళాను. మీ నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన కేకలెయ్యలేదు. రాసిచ్చేశారాండి అని అడిగారు. ఇచ్చేశానన్నాను. ఎన్నాళ్ళకండి అన్నారు. ఎప్పటికీ అన్నాను. లేచి ఇంట్లోకి వెళ్ళి గరుకు కాగితం తెచ్చారు. నేను అడ్డం పడ్డాను. వాళ్ళెక్కడో సముద్రాలవతల ఉన్నారు గంగయ్యగారూ, మీ నావ చూడ్డానికి ఎవరొస్తారు, ఉంచెయ్యండి అన్నాను. ఆళ్ళు చూత్తారని కాదండి, అమ్మేసినట్టు మనకి తెలుసుకదండీ అన్నారు. పింఛం దగ్గర మొదలుపెట్టి తల దాకా గీకారు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను అక్కడే నిలబడ్డాను.

నీకు నేనే చెబుతానన్నాను. వద్దన్నారు, ఒట్టు వేయించుకున్నారు. నామీద కోపమైతే ఎప్పటికైనా ఇంటికొత్తదండి, మీమీద కోపమొత్తే బొమ్మలెయ్యడం మానేత్తదండి అన్నారు. నేను పిరికిదాన్ని, ఆ ఒట్టు నాకు గొడుగులా పనికొచ్చింది. నాలుగు నెలలు దాని కింద నిలబడ్డాను. నువ్వు ఇంటికీ రాలేదు, బొమ్మలూ వెయ్యలేదు. ఇవాళ ఆయనకిచ్చిన మాట తప్పుతున్నాను. కోప్పడాల్సింది నన్ను. ఆయన్ని వదిలెయ్యి తల్లీ.

ఇంకొక్క సంగతి. బేరం రద్దు చెయ్యమని కంపెనీకి మూడుసార్లు రాశాను. ఈ బొమ్మ గీసింది నేనే అని మీరే సంతకం చేశారు, అమ్మకం చెల్లుతుంది అన్నారు. అవును, చేశాను. ఖాతా నా పేరున ఉంది కనుక అలాగే చెయ్యాలనుకున్నాను. కాని గీసినవాళ్ళు కానివాళ్ళు అమ్మితే ఆ అమ్మకం నిలవదని నిబంధనల్లో పదిహేడో పేజీలో ఉంది. ఆ మాట గీసినవాళ్ళే రాయాలట. నువ్వు రాసే దానికి సాక్ష్యంగా దీనితో ఇంకో కాగితం పెట్టాను చూడు. ఈ బొమ్మ గీసింది అశ్విని, నేను కాదు, ఆమె వద్దన్నా అమ్మాను అని ఇంగ్లీషులో రాశాను. ఆరువందల డాలర్లు నా పింఛనులోంచి తిరిగి కట్టడానికి సిద్ధంగా ఉంచాను, నీ కంప్యూటరు జోలికి ఎవరూ రారు. ఇది పంపితే వెబ్‌సైటులో నా పేరు మోసం చేసినవాళ్ళ జాబితాలో చేరుతుంది. చేరనీ. సంతకం చేశాను. తేదీ మాత్రం వెయ్యలేదు, అది నువ్వు వేసుకో.